ఏడు జానల తొట్టెల

గౌలిపురలో మా గల్లీ బోనాలకు అమ్మవారి తొట్టెల మా ఇంటి నుంచే పోతుంది. ఇది ఎవరూ ఎక్కడా రాసి పెట్టింది కాదు. మా బాపు కట్టాడు, ఆయన పోయాక నేను కట్టాను. వెదురు బద్దలతో గోపురంలాగా అంతస్తులు లేపి, దానికి రంగురంగుల పతంగి కాగితం అంటించి, డప్పులతో మోసుకుపోయి గుడి ముందర స్తంభానికి కడతారు. చూసేవాళ్లకు ఇది పెద్ద పనిగా కనిపించదు. కాగితాలు అంటించుడే కదా అంటారు. అలా అన్నవాళ్లలో ఒక్కడు కూడా జన్మలో వెదురు చీల్చి ఎరుగడు.

ఇందులో ఇంకో రివాజు ఉంది. తొట్టెల ఎవరు కట్టారో వాళ్లే గుడి దగ్గర కుర్చీ ఎక్కి దాన్ని స్తంభానికి బిగించాలి. అప్పుడు మైకులో పేరు పిలుస్తారు. గల్లీ మొత్తం తల ఎత్తి చూస్తుంది. నేను చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన ఆటోలకు రెక్సిన్ టాపులు కుట్టేవాణ్ని. అక్కడ నా పేరు ప్రేమ్‌రాజ్ అని ఎందరికి తెలుసో నాకు తెలియదు. "ఓ టాపాయనా" అనేవాళ్లు. ఆరో తరగతిలో బడి మానిపించి పనిలో పెట్టిన మనిషికి తన పేరు మైకులో వినిపించేది ఆ ఒక్క సందర్భంలోనే. అందుకని దాన్ని నేను వదులుకోదలచలేదు.

పోయిన చలికాలం నాకు పక్షవాతం వచ్చింది. మిషన్ ముందర కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాను. సర్కారు దవాఖానలో పడేస్తే కాలు తిరిగివచ్చింది, మాట తిరిగివచ్చింది, కుడిచెయ్యి రాలేదు. భుజం నుంచి మోచేతి దాకా నా మాట వింటుంది, అక్కడి నుంచి వేళ్ల దాకా ఎవరిదో చెయ్యి తెచ్చి అతికించినట్టు ఉంటుంది. టాపులు కుట్టే చోట నా స్టూలు మీద ఇంకొకడు కూర్చున్నాడు. చూడటానికి వచ్చినవాళ్లు అరటిపండ్లు తెచ్చారు, చెయ్యి వంక చూశారు, దేవుడున్నాడని చెప్పి పోయారు. అరటిపండ్లు తినడానికి ఎడమచెయ్యి సరిపోయింది.

అప్పటి నుంచి ఇల్లు నడిపేది నా భార్య సక్కుబాయి. గుమ్మం పక్కన మిషన్ వేసుకుని చీరలకు ఫాలులు, గల్లీ ఆడవాళ్లకు జాకెట్లు కుడుతుంది. నేను ఆమె వెనకాల మంచం మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉంటాను.

ఆషాఢం దగ్గరపడగానే గుండయ్య వచ్చాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనాడు, ఇప్పుడు గుడి కమిటీకి పెద్ద. లోపలికి రాకుండా గడప మీదే నిలబడ్డాడు. అది చూసే ఏదో చెడ్డమాట తెచ్చాడని అనుకున్నాను.

"ఎట్లున్నదిరా చెయ్యి?"

"ఉన్నదన్నా. ఎటూ పోలే."

"ఏం లేదు, కమిటీల ఒక మాట అనుకున్నం. బేగంబజార్ల రెడీమేడ్ తొట్టెలలు వస్తున్నయంట. థర్మాకోల్‌వి. లైట్లు గుండ్రంగ తిరుగుతయంట. నీకు తకలీఫ్ ఎందుకని..."

"నాకు తకలీఫైతున్నదని నేను చెప్పిన్నా?"

"చెప్పుడెందుకు, కనవడుతలేదా? చూడు ప్రేమ్‌రాజ్, నేను దాచి మాట్లాడ. ఒక్కసారి బేగంబజార్ సరుకు వచ్చిందంటే మళ్ల మీ ఇంటి దిక్కు ఎవ్వడు రాడు. పోరగాళ్లకు లైట్లే కావాలె. అందుకే ముందుగాల నిన్నే అడుగుతున్న."

నేను జవాబు చెప్పే లోపల మిషన్ ఆగింది.

"మేం కడతం అన్నా," అంది సక్కుబాయి తల ఎత్తకుండానే.

"మేం అంటే ఎవరెవరమ్మా?"

"ఈయన చెప్తడు. నేను చేస్త."

గుండయ్య నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. ఆయన తలుపు చెక్క మీద వేళ్లతో కాసేపు కొట్టి, "బుధవారం వచ్చి బొంగు పంజరం చూస్త. చక్కగ నిలవడితే మీదే. లేకుంటే బేగంబజార్‌కు పోతం, మళ్ల నా మీద మొఖం ముడుసుకోవద్దు," అని పోయాడు.

"నిన్నెవరు చెప్పమన్నరు?" అన్నాను.

"నువ్వు చెప్తలేవు గదా, అందుకే చెప్పిన."

"ఒక్క బద్దన్న ముట్టినవా నువ్వు ఇన్నేండ్లల్ల?"

"ముట్టనిచ్చినవా? చీపురు ఆనితెనే మీద పడేటోనివి. గిప్పుడు ముట్టుకుంట."

అఫ్జల్‌గంజ్ పోయి వెదురు బొంగులు తెచ్చింది పక్కింటి డానియేలు. అతను దవాఖానలో వార్డుబాయ్. క్రిస్మస్‌కు తన మిద్దె మీద వేలాడదీసే చుక్కను వెదురుతో తనే కట్టుకుంటాడు, ఎక్కడ దొరుకుతుందో అతనికి తెలుసు. బొంగులు ఆటో టాపు మీద కట్టి తెచ్చి, వాకిట్లో వేసి, చీల్చి కూడా ఇచ్చాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని ఇది సన్నం, అది లావు, కణుపు దగ్గర కత్తి అట్లా తిప్పరాదు అని చెబుతూ ఉన్నాను.

"భాయ్, నీ చెయ్యి పోయింది గని నోరు డబుల్ అయింది," అన్నాడు డానియేలు.

"నోటికి జీతం లేదు గదా. ఊకెనే పనిచేస్తది."

ఆ రోజు సాయంత్రం నుంచి సక్కుబాయికి నేర్పడం మొదలుపెట్టాను. నేర్పడం అంటున్నాను గాని, అది నేర్పడం కాలేదు. రెండు బద్దలు అడ్డంగా పెట్టి సుతిలి తాడు చుట్టమన్నాను. చుట్టింది.

"ఎంత బిగించాలె?"

"సరిపోయేంత."

"ఎంతైతె సరిపోతది?"

"చేతికి తెలుస్తది."

"నా చేతికి తెలుస్తలేదు. నువ్వు చెప్పు."

చెప్పడానికి ప్రయత్నించాను. ఇన్నేళ్లు కట్టాను కదా, ఎంత బిగించేవాణ్ని? గట్టిగా అంటే బద్ద చిట్లుతుంది. మెల్లగా అంటే జారుతుంది. ఈ రెండింటి మధ్య ఒకటి ఉంది, అది నా కుడిచేతి వేళ్లలో ఉండేది, వేళ్లతో పాటు అదీ పోయింది. మా బాపు నాకు నోటితో ఏదీ చెప్పలేదు. తప్పు కడితే ముడి కోసిపారేసేవాడు. ఎందుకు కోశాడో నేనే కనుక్కోవాలి. నేనూ అట్లాగే చేయాలని చూశాను. మూడు ముడులు కోయించాను. నాలుగోది కోయమంటే ఆమె కత్తెర నా ఒళ్లో వేసింది.

"కోసుడు కాదు. ఏం తప్పున్నదో చెప్పు. చెప్పరాకుంటే ఊకో."

కత్తెర తీసి పక్కన పెట్టాను. కాసేపటికి ఆమె సుతిలి కొస పట్టుకుని లాగి, వదిలి, మళ్లీ లాగింది. మిషన్‌లో బాబిన్ డబ్బీ పెట్టే ముందు కింది దారం లాగి చూస్తుంది చూడండి, అట్లాగ. డబ్బీ దారం బిగుసుకుంటే కుట్టు ముడుచుకుంటుంది, వదులైతే ఉబ్బుతుంది, అది ఆమెకు తెలుసు. బద్దలు రెండూ పట్టుకుని అటూ ఇటూ కదిపింది. కిర్రుమన్నది.

"కిర్రుమనాలెనా, అనొద్దా?"

నేను కాస్త ఆలోచించాను. ఇది ఎవరూ నన్ను అడగలేదు. "కొంచెం అనాలె. అస్సలు అనకుంటే చిట్లుతది."

"గిది ముందుగాల చెప్పొద్దా?"

ముందుగాల నాకు తెలిస్తే కదా. ఇంకో రెండు బద్దలు ఆమె ముందర పెట్టాను.

ఆ తర్వాత ముడులు నిలబడసాగాయి. అందంగా లేవు. నా ముడి పైనుంచి చూస్తే వడ్లగింజలు పేర్చినట్టు ఉండేది, ఆమెవి పొట్లం కట్టినట్టు ఉన్నాయి. అయినా పట్టుకుని ఊపితే ఊడలేదు.

ఇక కొలతలు. మా ఇంట్లో తొట్టెలకు టేపు పెట్టం. అమ్మవారి పనికి ఇనప టేపు ఏందిరా అనేవాడు బాపు, జానతోనే కొలిచేవాడు. కింది అంతస్తు నిలువు బద్ద ఏడు జానలు, దాని మీది అంతస్తు ఐదు, ఆ పైది మూడు. బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా చాపి బద్ద మీద పాకించుకుంటూ పోవడమే. ఎడమచేతితో నేను అది చేయగలిగాను. చెయ్యగలిగింది అదొక్కటే కనుక, సక్కుబాయి జాకెట్లు ఇవ్వడానికి బయటికి పోయినప్పుడల్లా కొన్ని బద్దలు కొలిచి బొగ్గుతో గీతలు పెట్టాను. డానియేలు వాటిని కోసి పెట్టాడు. ఆమె వచ్చాక "మిగతావి కూడా గట్లనే ఏడు, ఐదు, మూడు జానలు కొలిచి కొయ్యి," అని చెప్పాను. ఆమె కొలిచింది, కోసింది. నా ముందరే కోసింది. నేను చూస్తూనే ఉన్నాను.

మా గది చిన్నది. నిచ్చెనలాంటి ఒక పక్క నేల మీద పరిచి కడితే ఇంక కాలు పెట్టే చోటు ఉండదు. అందుకని నేను కొలిచిన బద్దలతో ఒక పక్క కట్టి డానియేలు మిద్దె మీదికి పంపాం. ఆ తర్వాత ఆమె కొలిచిన బద్దలతో రెండో పక్క కట్టి అదీ పంపాం. బుధవారం సాయంత్రం, గుండయ్య వచ్చే వేళకు, రెండు పక్కలనూ ఎదురెదురుగా పెట్టి అడ్డబద్దలు వేసి కలిపాం. తొందరలో పడుకోబెట్టే కట్టాం, పైకొసలు సరిచూసుకోలేదు. అప్పటికి బాగానే కనిపించింది.

గుండయ్య మెట్లెక్కి వచ్చాడు. డానియేలు, సక్కుబాయి చెరో పక్క పట్టుకుని లేపి నిలబెట్టారు. చేతులు వదిలారు.

పంజరం వంగి నిలబడింది. పడిపోలేదు. ఎవరో చెవిలో ఏదో చెబుతుంటే వినడానికి వంగిన మనిషిలాగా, తూర్పు పక్కకు వాలి అట్లాగే ఉండిపోయింది.

గుండయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగాడు, ఇంజన్ చుట్టూ తిరిగినట్టు.

"అన్నా, మంచిగనే ఉన్నది గదా," అన్నాడు డానియేలు. "నువ్వు కమిటీ పెద్దమనిషివని దండం పెడుతున్నది."

గుండయ్య నవ్వలేదు. "ప్రేమ్‌రాజ్, గిదేందిరా?"

నేను దగ్గరికి పోయి మూలబద్దలు చూశాను. ఒక పక్క ఎత్తు, రెండో పక్క పొట్టి. కిందా అంతే, మీదా అంతే. నా ఎడమచెయ్యి చాపాను. సక్కుబాయి చెప్పకుండానే తన చెయ్యి తెచ్చి దాని పక్కన చాపింది. ఆమె చిటికెనవేలు నా ఉంగరపు వేలు దాకా వచ్చి ఆగింది. ఏడు జానలకు ఏడుసార్లు ఆ తేడా.

ఇంత మామూలు సంగతి నాకు ఎందుకు తట్టలేదంటే, మా ఇంట్లో తొట్టెలను ఒకేసారి ఇద్దరు ఎప్పుడూ కట్టలేదు. బాపు కట్టినప్పుడు నేను లై, అంటే మైదా జిగురు, కలిపాను, కాగితం అందించాను. నేను కట్టినప్పుడు నా పక్కన ఎవరినీ కూర్చోనివ్వలేదు. జాన అంటే ఒకటే జాన, కట్టేవాడిది. రెండో చెయ్యి ఇందులోకి వస్తుందని జానకు తెలియదు, నాకూ తెలియదు.

"పోనీ తియ్యి," అన్నాడు గుండయ్య. మాట మెత్తగానే ఉంది. "చెయ్యలేని పని చెయ్యలేదంటే ఎవలు తప్పు పట్టరు. రేపు బేగంబజార్ పోతం."

"శుక్రవారం దాంక ఆగు అన్నా," అంది సక్కుబాయి.

"ఆగి ఏం జేస్తవమ్మా? మళ్ల బొంగు తెచ్చి, మళ్ల చీరి..."

"బొంగు తెచ్చేది లేదు. పొడుగున్నవి కోస్తే అయిపోతది."

నాకు ఒళ్లు మండింది. పొడుగున్నవి అంటే నేను కొలిచినవి. నా జాన, మా బాపు జానకు దగ్గరగా ఉండే జాన. ఆమె చేతికి సరిపోయేటట్టు దాన్ని కోస్తే తొట్టెల బెత్తెడు కాదు, మూరకు మించి పొట్టిదవుతుంది. గల్లీలో అందరికీ కనిపిస్తుంది.

"పొట్టివాటిని తీసేసి నా జానతోని మళ్ల కొలవరాదా?" అన్నాను.

"బద్దలేవి? మిగిలినయి అడ్డానికి సుత సరిపోవు. అఫ్జల్‌గంజ్ పోయి తెచ్చి, చీరి, కట్టేసరికి ఆదివారం బోనాలు దాటి పోతయి."

గుండయ్య మా ఇద్దరి వంక మార్చి మార్చి చూసి, "మీ లొల్లి మీరు తెంపుకోండ్రి. శుక్రవారం పొద్దుగూకినంక వస్త. గదే ఆఖరు," అని మెట్లు దిగిపోయాడు.

డానియేలు రంపం పట్టుకుని నిలబడ్డాడు. కొయ్యాలా వద్దా అని నా మొహం వంక చూస్తున్నాడు. సక్కుబాయి కూడా చూస్తోంది గాని ఆమె చూపులో అడగడం లేదు. నేను ఎడమచేత్తో బొగ్గు తీసుకున్నాను. తన చెయ్యి బద్ద మీద చాపమని సైగ చేశాను. ఆమె జాన వెంట జాన పాకించుకుంటూ పోయింది, ఏడో జాన ఆగిన చోట నేను గీత పెట్టాను.

"కొయ్యి," అన్నాను డానియేలుతో.

ఆ కోసిన ముక్కలు ఏం చేశారో నేను అడగలేదు.

పంజరం గురువారానికి నిలబడింది. నిటారుగా, నాలుగు కాళ్లూ నేలకు ఆని. నేను తోసి చూశాను, కదల్లేదు. పొట్టిగా ఉంది.

కాగితం దగ్గర ఇంకో తంటా వచ్చింది. పతంగి కాగితానికి మైదా లై పల్చగా ఉండాలి, వేలితో తీస్తే దారంలా సాగి తెగాలి. ఆమె మొదటిసారి కాచింది ఉండలు కట్టింది. రెండోసారి కాచింది నీళ్లయింది. అంటిస్తే కాగితం ముడతలు పడి, ఎండాక చిట్లింది. నా చేయి ఉన్నప్పుడు అరచేత్తో ఒక్కసారి నిమిరితే చాలు, ముడత పోయేది. నిమరడం కూడా చెప్పరాని పని అని అప్పుడే తెలిసింది.

అసలు లై అంటే నాకూ నమ్మకం తక్కువే. ఆషాఢంలో వాన పడకుండా బోనాలు ఎప్పుడు జరిగాయి గనక? ప్రతిసారీ గుడికి పోయేసరికి కింది అంతస్తు కాగితం ఊడి వేలాడేది. అమ్మవారు తడిపింది అనుకుని ఊరుకునేవాళ్లం.

సక్కుబాయి లై గిన్నె అవతలికి నెట్టి, ఒక కాగితం ముక్క తీసుకుపోయి మిషన్ కింద పెట్టింది.

"ఏం జేస్తున్నవ్?"

"కుడుతున్న."

"కాగితం కుడతరా ఎవరన్న?"

"కుట్టి చూస్తే తెలుస్తది గదా."

కుట్టింది. పట్టుకుని లాగగానే కుట్టు వెంబడి చిరిగి రెండు ముక్కలైంది, పోస్టు స్టాంపు చింపినట్టు. ఇంకొకటి కుట్టింది. అదీ చిరిగింది. మంచి కాగితం ఖరాబు అవుతుందని పాత పేపరు తీసింది. పక్కకు మడిచి కుట్టింది, రెండు మడతలు వేసి కుట్టింది. గది అంతా పేపరు ముక్కలు. కోడలు పిల్ల జాకెట్టు కోసం వచ్చిన ఒకావిడ వాటి వంక చూసి ఏమీ అడగకుండా రేపు వస్తానని వెళ్లిపోయింది.

నేను మంచం మీద కూర్చుని ఆ చిరుగుళ్లు చూస్తున్నాను. చూస్తుంటే ఇది నాకు తెలిసిన చిరుగుడే అనిపించింది. రెక్సిన్‌ను సన్న కుట్టు కుడితే ఇట్లాగే జరుగుతుంది. బెజ్జాలు దగ్గర దగ్గర పడి, గాలికి టాపు లాగినప్పుడు కుట్టు వెంబడే తెగిపోతుంది. పనికి చేరిన కొత్తలో నేను ఎన్ని టాపులు అట్లా పాడుచేశానో, యజమాని నా వీపు మీద ఎన్నిసార్లు లెక్క సరిచేశాడో నాకే తెలుసు.

"కుట్టు దూరం పెట్టు," అన్నాను.

"ఆఁ?"

"దగ్గర కుడితే బెజ్జాలే కోసేస్తయి. మిషన్ల ఎంత పెద్ద కుట్టు పడితే అంత పెట్టు. కాగితం కింద పట్టీ వెయ్యి, బట్టది. బెజ్జం పట్టీకి పడాలె, బరువు పట్టీ మొయ్యాలె."

ఆమె మిషన్ మీద మర తిప్పింది. జాకెట్లకు వాడే అస్తరు గుడ్డలోంచి సన్నటి పట్టీ కత్తిరించి, దాని మీద కాగితం పెట్టి కుట్టింది. లాగింది. నేను ఒక కొస పట్టుకున్నాను, తను ఒక కొస పట్టుకుని గట్టిగా లాగింది. కాగితం మధ్యలో చిరిగింది, కుట్టు దగ్గర చిరగలేదు.

"గిది ముందుగాల..." అని మొదలుపెట్టి ఆపేసింది.

"ముందుగాల నువ్వు అడగలె," అన్నాను. ఇంట్లో చాలా రోజుల తర్వాత నేను గెలిచిన మాట అది.

శుక్రవారం పగలంతా కాగితం కుట్టింది. పసుపు, గులాబి, ఆకుపచ్చ. పట్టీ అంచులకు దారపు కొసలు వదిలి, వాటితో బద్దలకు ముడులేసింది. సందు ఉన్న చోట మాత్రం లై పూసింది. అయిన తర్వాత డానియేలు బకెట్‌లో నీళ్లు తెచ్చాడు.

"భాయ్, బాప్తిస్మం ఇద్దామా?"

"మెల్లగ అను. ఎవరన్నా వింటే ఇంకో లొల్లి."

చెంబుతో కింది అంతస్తు మీద పోశాడు. గులాబి రంగు కారి పసుపు మీదికి దిగింది. లై పూసిన చోట కాగితం లేచింది. కుట్టిన చోట లేవలేదు. సక్కుబాయి వంగి ప్రతి పట్టీ వేలితో తడిమి చూసింది. లేచిన ముక్కలు పీకి, వాటిని కూడా మిషన్ మీదికి తీసుకుపోయింది.

గుండయ్య పొద్దుగూకగానే వచ్చాడు. చుట్టూ తిరిగాడు. కాలితో నేల తట్టి చూశాడు, పైన పట్టుకుని ఊపాడు.

"పొట్టిగున్నది," అన్నాడు.

"పొట్టిగున్నది," అన్నాను నేను.

"గీ కుట్లేంది?"

"కుట్లే అన్నా," అంది సక్కుబాయి.

"తొట్టెలకు కుట్లు వేసినోళ్లను నేనైతె చూడలే." మళ్లీ ఊపాడు. డిపోలో నలభై ఏళ్లు బోల్టులు బిగించిన చెయ్యి, గట్టిగానే ఊపాడు. "నిలవడ్డది మరి. పోరగాళ్లకు చెప్త, బేగంబజార్ బంద్ అని."

పోతూ పోతూ నా భుజం తట్టాడు. కుడిభుజం. అక్కడి దాకా నాకు తెలుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం ఊరేగింపు మొదలైన కాసేపటికే వాన మొదలైంది. జల్లు కాదు, కుండపోతా కాదు, ఆగకుండా పడే ఆషాఢపు వాన. డప్పులవాళ్లు డప్పులు వేడి చేసుకోవడానికి ఒక దుకాణం అరుగు కింద ఆగారు. తొట్టెల మోసేవాళ్లు నడిరోడ్డు మీద తడుస్తూ నిలబడ్డారు. నేను కాలు ఈడ్చుకుంటూ దాని వెనకే నడిచాను. కళ్లు కింది అంతస్తు మీదే ఉన్నాయి. గులాబి అంతా కారి పసుపును నారింజ చేసింది. ఆకుపచ్చ నల్లబడింది. అంచులు పట్టుకునే ఉన్నాయి.

దారి పొడుగునా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఈసారి చిన్నగ చేసిండు ఏందిరా ప్రేమ్‌రాజ్?"

"చెయ్యి బాగలేదు గదా పాపం."

"అయినా ఊడలే చూడు. పోయినసారి గీడికి వచ్చెవరకె సగం పోయింది."

పాపం అన్నవాణ్ని తిరిగి చూశాను. నాతో పాటు చదివినవాడే, పదో తరగతి దాకా పోయాడు. మళ్లీ కింది అంతస్తు వైపు తిరిగాను.

గుడి ముందర తొట్టెల దింపి స్తంభం పక్కన నిలబెట్టారు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. గుండయ్య మైకు పట్టుకున్నాడు. తడి మైకు రెండుసార్లు గరగరమంది.

"ప్రేమ్‌రాజ్. తొట్టెల కట్టుటకు ప్రేమ్‌రాజ్ ముందుకు రావాలె."

పేరు వినిపించింది. స్పీకర్లో గల్లీ చివరి దాకా పోయింది. జనం సందు ఇచ్చారు. నేను కుర్చీ దగ్గరికి నడిచాను. ఎడమచేత్తో దాని వీపు పట్టుకున్నాను. ఒక కాలు ఎత్తిపెట్టగలను, డానియేలు వెనకనుంచి పట్టుకుంటే రెండోది కూడా ఎత్తగలను. పైకి పోయాక సుతిలి చుట్టడం ఒక చేత్తో కాదు. తాకి దిగొచ్చు. కింద ఎవరో ఒకరు బిగిస్తారు. గుండయ్య అందుకే పిలిచాడని నాకు అర్థమైంది, మంచి ఉద్దేశంతోనే పిలిచాడు.

సక్కుబాయి ఆడవాళ్లలో నిలబడి ఉంది, నెత్తిన కొంగు, కొంగు నిండా వాన. ఆమె నన్ను చూడటం లేదు. తొట్టెల అడుగున ఒక పట్టీ దగ్గర దారం కొస జారిందేమో అని అక్కడే చూస్తోంది.

"అన్నా," అన్నాను గుండయ్యతో. "కట్టినోళ్లను పిలువు."

"నిన్నే గదరా పిలిచింది."

"నేను కట్టలే. ఆమె కట్టింది. ఆమె జానతోనే ఉన్నదది."

నా మాట సగం మైకులో పడింది. గుండయ్య ఒక క్షణం మైకును అరచేత్తో మూశాడు. రివాజు ఏమంటుందో ఆయనే ఆలోచించుకున్నాడు, నేనేమీ సహాయం చేయలేదు. చెయ్యి తీశాడు.

"సక్కుబాయి. ప్రేమ్‌రాజ్ భార్య సక్కుబాయి రావాలె."

"భార్య అక్కర్లేదు," అన్నాడు డానియేలు నా వెనకాల, మెల్లగా. "పేరు చాలు."

సక్కుబాయి వెంటనే రాలేదు. పక్కనున్న ఆడవాళ్లు తోస్తే వచ్చింది. వచ్చి ముందు ఆ జారిన దారం కొస బిగించింది. తర్వాత కొంగు నడుముకు దోపి, సుతిలి పళ్ల మధ్య పట్టుకుని కుర్చీ ఎక్కింది. ఎత్తు చాలలేదు. మునివేళ్ల మీద నిలబడింది. బండ మీద కుర్చీ కాలు ఒకటి ఆనక కదులుతోంది.

నేను ఆ కాలు పక్కన పాదం అడ్డం పెట్టి, ఎడమచేత్తో కుర్చీని అదిమి పట్టుకున్నాను. ఆమె చుట్టే తీరు నాది కాదు. నేను మొదటి చుట్టు కింది నుంచి వేసేవాణ్ని, ఆమె మీది నుంచి వేసింది. చెప్పాలనిపించింది. అందరూ తల ఎత్తి ఆమె చేతులనే చూస్తున్నారు.

"కుర్సీ మంచిగ పట్టుకున్నవా?" అంది పైనుంచి.

"పట్టుకున్న. నువ్వు కట్టు."